స్టే ఉన్న ఊళ్ళో పెళ్ళి

ఆ ఎండాకాలం మా తమ్ముడు షాకిర్ పెళ్ళి ఒక గది దగ్గర చిక్కుకుంది. పిల్ల కుదిరింది, ఫాతిహా చదివారు, ఉంగరాలు మార్చుకున్నారు. పిల్ల తండ్రి అబూ నాయిఫ్ అడిగింది ఒక్కటే. "మా దలాల్ లోపలికెళ్ళి తలుపేసుకోవడానికి ఒక గది చూపించండి. ముహూర్తం మీరెప్పుడంటే అప్పుడే." ఇందులో తప్పు పట్టడానికేముంది? ఏ తండ్రయినా అదే అడుగుతాడు. కానీ మా ఉమ్ సిద్రలో గది కట్టడానికి మేస్త్రీ కంటే ముందు జడ్జి కావాలి.

మాది యత్తా పట్నానికి దక్షిణాన కొండల్లో చిన్న పల్లె. గొర్రెలు, బార్లీ, కాసిని ఆలివ్ చెట్లు. ఎదురు కొండ మీద హీబ్రూ మాట్లాడే వలసవాళ్ళ కాలనీ, ఎర్ర పెంకులతో, రాత్రంతా దీపాలతో ఉంటుంది. ఈ నేల వాళ్ళ సైన్యం తుపాకులు కాల్చడం నేర్చుకునే చోటని, మేమిక్కడ ఉండకూడదని, ఇళ్ళన్నీ కూల్చేస్తామని మాకు నోటీసులొచ్చాయి. మేం జెరూసలేంలో పెద్ద కోర్టుకెళ్ళాం. మేమంటే, మా వకీలమ్మ వెళ్ళింది.

ఆవిడ పేరు లమీస్. హైఫా మనిషి. మా రాళ్ళ దారిలో మడమల చెప్పులతో నడిచొచ్చేది. "ఈసారి బూట్లేసుకురా తల్లీ" అని నానమ్మ ప్రతిసారీ చెప్పేది. ఆవిడ ప్రతిసారీ సరేననేది. మాటలో తీపి లేదు, లేనిపోని ఆశ పెట్టేది కాదు. అందుకే నాకు నచ్చింది. ఇంట్లో ఫోన్ నా దగ్గరుండేది కాబట్టి ఆవిడతో మాట్లాడే పనీ నాదే. నాన్నకి ఫోనంటే చిరాకు, మొహం కనపడని మనిషితో ఏం మాట్లాడతామంటాడు. ఇక నేనంటారా, పెళ్ళయి రెండేళ్ళకే పుట్టింటికి తిరిగొచ్చినదాన్ని. అది వేరే కథ, దాని ఊసు ఇక్కడొద్దు.

బార్లీ కోతలప్పుడు స్టే వచ్చింది. వకీలమ్మే వచ్చి చెప్పింది. ఊరంతా మా గుడారంలో చేరారు.

"కేసు తేలేదాకా మీ ఇళ్ళ జోలికి రాకూడదని కోర్టు చెప్పింది" అంది.

ఆడవాళ్ళు సంతోషంతో నాలుక తిప్పి కూతలు మొదలెట్టబోయారు. ఆవిడ చెయ్యెత్తింది.

"ఆగండమ్మా. మీకూ ఒక షరతుంది. ఇవాళ ఏది ఎలా ఉందో అలాగే ఉండాలి. కొత్తగా ఏదీ లేవకూడదు. గదీ వద్దు, గోడా వద్దు. కోళ్ళగూడు కూడా వద్దు."

"రాయి మీద రాయి పెట్టకూడదంటావ్?" అన్నాడు నాన్న.

"పెట్టకూడదు, అబూ షాకిర్" అంది. మాలో తండ్రిని కొడుకు పేరుతోనే పిలుస్తారు.

"రాయి దానంతటదే దొర్లొచ్చి ఇంకో రాయి మీద కూర్చుంటేనో?" అంది నానమ్మ.

"అప్పుడు ఫోన్ చెయ్యి హాజ్జా" అంది ఆవిడ, అందరూ నానమ్మని పిలిచినట్టే. "ఆ రాయి మీద కూడా కేసేస్తాను."

అందరూ నవ్వారు. షాకిర్ నవ్వలేదు. వాడు గుడారం గుంజకి ఆనుకుని నేలకేసి చూస్తున్నాడు. వాణ్ణి చూసి అమ్మ లేచి టీ పెట్టే మిషతో బయటికెళ్ళిపోయింది. ఊరు నిలబడింది, వాడి గది పోయింది. రెండూ ఒకే కాగితంలో వచ్చాయి.

నాన్న కొన్నాళ్ళు దొడ్ల చుట్టూ తిరిగాడు. తర్వాత ఒక తెలివైన ఆలోచన చేశాడు. తెలివైనదని ఆయనే అన్నాడు.

మా గొర్రెల దొడ్డి వెనక తాతల నాటి పాత దొడ్డి ఒకటుంది. మూడు వైపులా రాతి గోడలు, నాలుగో వైపు ఖాళీ. "మూడు గోడలు ఎప్పట్నుంచో ఉన్నాయిగా. నాలుగోది లేపితే అది కొత్త గదెలా అవుతుంది? పాత దొడ్డికి మరమ్మతు చేసుకుంటున్నాం, అంతే" అన్నాడు.

"వకీలమ్మని అడగనా?" అన్నాను.

"అడిగితే వద్దంటుంది."

"మరి?"

"వద్దన్నాక కడితే ఆవిడ మాట తీసిపారేసినట్టుంటుంది. పెద్దమనిషి, బాగుండదు. అడక్కపోతే ఏ గొడవా లేదు."

మా నాన్న మర్యాద అలాంటిది. దాంతో వాదించి నెగ్గినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

నాన్నా షాకిరూ కలిసి నాలుగో గోడ లేపారు. మధ్యాహ్నం ఎండకి ఎదురు కొండ మీద కాపలావాడు కూడా నీడకి పోయే వేళ చూసుకుని పని చేశారు. కిటికీకి చోటు వదిలారు. తలుపు యత్తాలో చేయించారు, ఆకుపచ్చ రంగు ఇనప తలుపు. దలాల్‌కి ఆకుపచ్చ ఇష్టమట. వాడికెవరు చెప్పారో తెలీదు, నేనైతే అడగలేదు.

అక్కడితో ఆగి పైన రేకు పరిచేసుకుంటే ఎవరి కంటా పడేది కాదు. పక్కింటి అబూ రిజ్క్ అదే చెప్పాడు. ఆయన నాన్నకి పెద్దనాన్న కొడుకు, చిన్నప్పట్నుంచీ జోడు. "రేకేసేయ్ రా. పైన గడ్డి పరిచెయ్. ఒక్క సాయంత్రం పని" అన్నాడు.

నాన్న మొహం ఎర్రబడింది. "నా కొడుకు గదికి దొంగతనంగా కప్పేసుకోనా? స్లాబ్ పోయకుండా? నలుగురికీ పెట్టకుండా? రేపు పుట్టే పిల్లలు మా గదికి స్లాబ్ ఎవరు పోశారు తాతా అంటే గొర్రెల్ని చూపించమంటావా?"

మాలో స్లాబ్ పోసే రోజంటే సగం పెళ్ళి. ఎవర్నీ పిలవరు. సిమెంటు కలిపే మిషను చప్పుడు వినపడితే చాలు, మగాళ్ళు చేతిలో పని వదిలేసి వస్తారు. బకెట్లు చేతులు మారుతుంటాయి, పాటలు మారుతుంటాయి. కప్పు పూర్తయ్యేసరికి ఇంటివాళ్ళు గొర్రెని కోసి అన్నం వండి పెడతారు. ఆ కూడు తిన్నవాడికి ఆ ఇంట్లో భాగం ఉన్నట్టే. ఆస్తిలో కాదు, మాటలో. ఇక ఆ ఇంటి గురించి వాడు చెడు మాట్లాడకూడదు, అది కూలాలని కోరుకోకూడదు. ఇది ఎక్కడా రాసిలేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఒక శుక్రవారం నమాజయ్యాక మిషను తిరిగింది. మావాళ్ళే కాదు, పక్క పల్లెల వాళ్ళూ, యత్తా నుంచి మేనమామలూ వచ్చారు, చివరికి అబూ నాయిఫ్ కూడా వచ్చాడు. చొక్కా విప్పి వరసలో నిలబడ్డాడు. రాతి గనిలో పనిచేసిన చేతులు, ఒక్కో బకెట్టూ ఒక్క వేలితో అందుకున్నాడు. షాకిర్ కప్పు మీద నిలబడి సిమెంటు సర్దుతుంటే వాడి మీద పాట కట్టారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నేను ఎండు పెరుగు ఉండలు నానబెట్టి పులుసు కాస్తూ పొగలో కళ్ళు తుడుచుకుంటూ చూశాను. చాలా రోజుల తర్వాత నాకు సంతోషంగా ఉంది. అంత సంతోషం ఆ తర్వాత చాలా రోజులు లేదు కాబట్టి బాగా గుర్తుంది.

కప్పు సగం అయ్యేసరికి ఎదురు కొండ మీంచి డ్రోన్ వచ్చింది. మా నెత్తి మీద నిలబడి గుయ్యిమంటూ ఉంది. పాటలు సన్నగిల్లాయి.

నానమ్మ కర్ర ఎత్తి పైకి చూపిస్తూ, "చూస్తున్నావుగా నాయనా, దిగి రా. అన్నం ఉడికింది. తిని పోదువుగాని" అని అరిచింది.

అందరూ పగలబడి నవ్వి మళ్ళీ పాట అందుకున్నారు. అది కాసేపుండి వెళ్ళిపోయింది.

వారం తిరక్కముందే తెల్ల జీపు వచ్చింది. తనిఖీవాళ్ళు ఇద్దరు, వెంట సైనికులు. గది చుట్టూ తిరిగారు, లోపల, బయట, కప్పు, తలుపు, అన్నిటికీ ఫోటోలు తీశారు. ఒకడు గోడని తడిమి సిమెంటు పచ్చిగా ఉందా లేదా చూశాడు. నాన్న తన పాత దొడ్డి సంగతి చెప్పబోయాడు. వాళ్ళు వినలేదని కాదు, విని రాసుకున్నారు. గుమ్మం ముందు ఒక కాగితం పెట్టి ఎగిరిపోకుండా దాని మీద రాయి పెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళు పెట్టొచ్చు.

నేను ఫోన్ చేశాను.

"స్లాబా?" అంది వకీలమ్మ.

"అవును."

"రేకు కాదూ, స్లాబే?"

"స్లాబే."

"ఎవరెవరు వచ్చారు?"

"అందరూ వచ్చారు."

తిడుతుందనుకున్నాను. తిట్టుంటే బాగుండేది. "వస్తున్నాను" అని పెట్టేసింది.

వచ్చింది. అమ్మ రొట్టె, నూనె, గుడ్లు తెచ్చి పెట్టింది. ముట్టుకోలేదు. ఎప్పుడూ అలా చెయ్యలేదు కాబట్టి మాకు భయమేసింది. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుడారంలో కూర్చున్నారు.

"ప్రభుత్వం వకీలు కోర్టుకి ఫోటోలిచ్చాడు" అని మొదలుపెట్టింది. "వీళ్ళు షరతు తప్పారు, చేతులు శుభ్రంగా లేనివాళ్ళకి స్టే ఎందుకు, ఎత్తేయండి అని అడిగాడు."

నానమ్మ తన చేతులు తిప్పి చూసుకుంది. "సిమెంటేగా అంటింది. ఆ రోజే కడిగేసుకున్నాంగా" అంది. ఎవరూ నవ్వలేదు.

"ఎత్తేస్తే?" అన్నాడు నాన్న.

"ఎత్తేస్తే ఆ గది ఒక్కటే పోదు. ఉమ్ సిద్ర పోతుంది. అబూ రిజ్క్ ఇల్లు, బడి గుడారం, నీళ్ళ తొట్లు, అన్నీ. మర్నాడే కూల్చే మిషన్లు వస్తాయి."

"ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"వాయిదాలోపు ఆ గది ఉండకూడదు. మీరే తీసెయ్యాలి. తీసేసినట్టు నేను జడ్జికి చూపించాలి."

నాన్న లేచి నిలబడ్డాడు. "మా ఇళ్ళు నిలబెడతావని నీ కాగితాల మీద వేలిముద్రలేశాం. పడగొట్టమని చెప్పడానికొచ్చావా? నువ్వు మాకు వకీలువా, వాళ్ళకా?"

"నీకే. అందుకే ఫోన్లో చెప్పకుండా ఇంత దూరం వచ్చాను."

"మా తాత పుట్టిన నేల ఇది. మా దొడ్డి ఇది. న్యాయం ఎవరి వైపుందో నువ్వు చెప్పు!"

"నీ వైపే ఉంది" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "దాని గురించి జడ్జి ఇంకా అడగలేదు, అబూ షాకిర్. అడిగే రోజు వచ్చేదాకా నేను ఈ ఊరిని ఇక్కడే ఉంచాలి. నా పని అంతే. నాకు ఒక్క మాట ముందు చెప్పుంటే…"

"చెప్పుంటే ఏం చేసేదానివి?"

"వద్దనేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

ఆవిడ పెదాలు బిగించింది. నవ్వొచ్చి ఆపుకుందో, ఏడుపొచ్చి ఆపుకుందో నాకు తెలీలేదు.

నాన్న చుట్టూ చూశాడు. ఎవరైనా ఏదో ఒకటి అనాలి. అక్కడున్న ప్రతివాడి కొంపా ఆ గది మీద వేలాడుతోంది. కానీ ఎలా అంటారు? ఆ కప్పు కింద మాంసం తిన్న నోళ్ళు. అందరూ కాఫీ గిన్నెలకేసి చూస్తున్నారు. చివరికి అబూ రిజ్క్ గొంతు సవరించుకున్నాడు.

"ఉండనీరా గది" అన్నాడు. "పోసింది మనమే. ఏదైతే అదవుతుంది. అందరికీ అయ్యేదే మాకూ అవుతుంది."

అబూ రిజ్క్ భార్యకి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఆ ఇల్లు పోతే వాళ్ళకి తలదాచుకునే చోటు లేదు. ఇది నాన్నకి తెలుసు. నాన్న ఆయన్ని చాలాసేపు చూశాడు. కూల్చమని ఎవరైనా దెబ్బలాడుంటే మా నాన్న చచ్చినా కూల్చేవాడు కాదు. ఆ విషయం అబూ రిజ్క్‌కి కూడా తెలుసేమో నేనెప్పుడూ అడగలేదు. నిజంగానే అన్నాడని అనుకుంటాను.

నాన్న మళ్ళీ కూర్చున్నాడు. కాసేపటికి వకీలమ్మ రొట్టె ముక్క తుంచి నూనెలో ముంచుకుంది.

మర్నాడు పొద్దున్నే నాన్న సమ్మెట తీశాడు. షాకిర్ ఆకుపచ్చ తలుపుని బందుల్లోంచి ఊడదీసి గోడకి ఆనించాడు. నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. వీడియో ఎలా తియ్యాలో వకీలమ్మ ముందే చెప్పింది. మొదట్నుంచి చివరిదాకా, మధ్యలో ఆపకుండా, ముక్కలు కనపడేలా తియ్యాలి. లేకపోతే అవతలివాళ్ళు నమ్మరు.

"మొహం కనపడాలా?" అని అడిగాడు నాన్న.

"అక్కర్లేదు నాన్నా. గోడ కనపడితే చాలు."

ఆయన నాకు వీపు తిప్పి మొదటి దెబ్బ వేశాడు.

ఆ చప్పుడుకి జనం వచ్చారు. ఎవరూ పిలవలేదు. అబూ రిజ్క్ గునపం తెచ్చుకున్నాడు. శుక్రవారం బకెట్లు అందుకున్న వరసలోనే నిలబడి ఇప్పుడు పెళ్ళలు అందుకున్నారు. పాటలు లేవు, అంతే తేడా. ఆ రోజు నాకు నాన్న మీద జాలేసింది, వకీలమ్మ మీద కోపమొచ్చింది, ఆ వీడియో చూసి తీర్పు చెప్పేవాడి మీద ఏమొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. వీడియో మాత్రం ఆపలేదు.

మధ్యాహ్నానికి నాలుగో గోడా, కప్పూ లేవు. పాత మూడు గోడలు మళ్ళీ పాత మూడు గోడలయ్యాయి. మనుషులు చేతులు దులుపుకుని కదలబోతుంటే నాన్న అమ్మని కేకేశాడు.

"ఏమే, వండలేదా?"

"ఇవాళా?" అంది అమ్మ.

"పనికొచ్చినవాళ్ళు తినకుండా పోతారా?"

ఇంకో గొర్రె కోశారు. అందరూ దుమ్ము చేతులు కడుక్కుని పెద్ద పళ్ళేల చుట్టూ కూర్చుని తిన్నారు. తిన్నాక ఏమని దీవించాలో ఎవరికీ తెలీలేదు. అలాంటి భోజనానికి దీవెన మాలో లేదు. అబూ రిజ్క్ లేచి నాన్న భుజం మీద చెయ్యేసి "స్లాబ్ మళ్ళీ పోద్దాం" అన్నాడు.

వాయిదాకి నాన్నకీ నాకూ జెరూసలేం వెళ్ళడానికి పర్మిట్లు వచ్చాయి. నాన్న పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు వేసుకున్నాడు. కోర్టు హాలు చల్లగా ఉంది. జడ్జీలు ముగ్గురు. మాట్లాడేదంతా హీబ్రూలో. ప్రభుత్వం వకీలు కుర్రాడు, జలుబు చేసినట్టుంది, మాటకోసారి ముక్కు తుడుచుకుంటూ మా గది ఫోటోలు చూపించాడు. మా వకీలమ్మ లేచి కంప్యూటర్ ముందుకు తిప్పింది. వీడియో నడిచింది. చప్పుడు తీసేసినట్టున్నారు, సమ్మెట దెబ్బలు పడుతున్నాయి కానీ వినపడలేదు. నాన్న తన వీపునే చూస్తూ కూర్చున్నాడు.

మధ్యలో ఉన్న జడ్జి ఏదో అడిగాడు. వకీలమ్మ ఒక్క ముక్కలో జవాబు చెప్పింది. ఆయన రాసుకున్నాడు. తర్వాతి కేసు పిలిచారు.

మేం బయటికొచ్చాం. "అయిపోయిందా?" అన్నాడు నాన్న.

"అయిపోయింది. స్టే ఉంది. జవాబు ఇవ్వడానికి ప్రభుత్వానికి టైమిచ్చారు."

"గెలిచామా?"

"గెలిచాం."

"ఏం గెలిచాం?"

ఆవిడ ఫైళ్ళు గట్టు మీద పెట్టి, మడమ చెప్పు విప్పి పాదం నొక్కుకుంది. "చలికాలం" అంది. "ఈ చలికాలం మీరు మీ ఇళ్ళల్లోనే ఉంటారు."

"వచ్చే చలికాలం?"

"దానికోసం మళ్ళీ వస్తాను."

నాన్న ఆవిణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "నీ బతుకూ మా బతుకులాగే ఉందే తల్లీ" అన్నాడు. దారిలో సంచిలోంచి అంజూరపళ్ళు తీసి ఆవిడకిచ్చాడు. మా నాన్న క్షమాపణ అడగడం నేనెప్పుడూ వినలేదు. అది మాత్రం అలాంటిదే.

ఇక మిగిలింది పెళ్ళి. గది లేదని అబూ నాయిఫ్‌కి తెలియకపోవడమేముంది, కూల్చిన రోజు ఆయన కూడా తిన్నాడుగా. మంచివాడు, తొందరపెట్టలేదు. కానీ గది లేకుండా పిల్లని పంపుతానని కూడా అనలేదు. మా షాకిర్ గొర్రెల వెంట పోయి చీకటి పడితేగాని ఇంటికి వచ్చేవాడు కాదు. అమ్మ వాడి పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే తీసేది.

ఒకరోజు దలాల్ నాకు ఫోన్ చేసింది.

"వదినా, మీ నానమ్మ గుహ ఉందిగా, అందులో చెమ్మ ఉంటుందా?"

నానమ్మ ఆ గుహలోకే కోడలిగా వచ్చింది. నాన్న అందులోనే పుట్టాడు. ఇప్పుడు మేం జున్నూ గడ్డీ దాస్తున్నాం. అది దేవుడు కట్టింది కాబట్టి ఏ నోటీసులోనూ లేదు.

"చెమ్మ లేదు. ఎండాకాలం చల్లగా ఉంటుంది" అన్నాను.

"పాములో?"

"నానమ్మ నోటికి జడిసి ఒక్కటీ రాలేదు."

"నా బీరువా పడుతుందా?"

"వంచి తెస్తే పడుతుంది."

"తలుపు?"

ఆ సంగతి వకీలమ్మని ముందే అడిగి ఉన్నాను. "తలుపు పెట్టకూడదట. పెడితే కట్టడం కిందకొస్తుందట. కర్టెన్ కట్టుకోవచ్చు. గుడ్డ కట్టడం కాదు."

దలాల్ నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. "మా నాన్నతో నేను మాట్లాడతాలే" అంది.

ఏం మాట్లాడిందో తర్వాత తనే చెప్పింది. "మీరు నన్ను షాకిర్‌కిస్తున్నారా, తలుపుకిస్తున్నారా?" అని అడిగిందట. అబూ నాయిఫ్ గుహ చూడ్డానికొచ్చాడు. నానమ్మ పక్కన చాప మీద కూర్చుని పైనున్న మసి చూస్తూ, "ఈ రోజుల్లో గుహలోనా, హాజ్జా?" అన్నాడు.

"నువ్వెక్కడ పుట్టావు, అబూ నాయిఫ్?"

"ఇలాంటి దాంట్లోనే. ఆ రోజులు వేరు."

"రోజులు వేరే. పిల్లలు పుట్టే పద్ధతేమైనా మారిందా?"

ఆయనకి నవ్వొచ్చింది, కానీ నవ్వు నిలవలేదు. నాన్న వైపు తిరిగి, "నాకు నీ కొడుకు మీద ఏమీ లేదు. ఒకరోజు పొద్దున్న దీన్నీ పూడ్చేస్తే నా కూతురు ఎక్కడుంటుందని భయం" అన్నాడు.

"నాకూ అదే భయం" అన్నాడు నాన్న. "లేదని నీతో అబద్ధమాడలేను."

అబూ నాయిఫ్ టీ తాగి వెళ్ళిపోయాడు. రెండోరోజు కబురంపాడు. ద్రాక్షలు కోశాక, వానలు పడకముందు పెళ్ళి.

గుహకి సున్నం కొట్టలేదు, అదీ మార్పే అవుతుందేమోనని. కడిగి, సాంబ్రాణి వేసి, బీరువా వంచి లోపల పెట్టాం. పెళ్ళికి వకీలమ్మ హైఫా నుంచి వచ్చింది, మళ్ళీ మడమల చెప్పులే. సాయంత్రం దలాల్‌ని పాటలతో గుహ దాకా తీసుకొచ్చాం. కొత్తకోడలు లోపలికెళ్ళే ముందు పులిసిన పిండిముద్దలో పచ్చని ఆకు గుచ్చి గుమ్మం పైన అంటించాలి. అది అంటుకుంటే కోడలు ఆ ఇంట్లో కలకాలం ఉంటుందని మావాళ్ళ నమ్మకం. రాలితే అందరూ గబగబా వేరే మాటలు మాట్లాడతారు, కానీ ఎవరూ మర్చిపోరు.

నానమ్మ దానిమ్మాకు గుచ్చిన ముద్ద దలాల్ అరచేతిలో పెట్టింది. అక్కడ గుమ్మం లేదు, మసి పట్టిన పొడి రాయి. ఆడవాళ్ళ పాట ఆగిపోయింది. నానమ్మ వెనక్కి తిరిగి గట్టిగా అడిగింది.

"వకీలమ్మా! ఈ ముద్ద అంటిస్తే కొత్త కట్టడం అవుతుందా?"

ఆవిడ వెంటనే నవ్వలేదు. జడ్జి అడిగినట్టే ఒక క్షణం ఆలోచించింది. "అంటించనివ్వు హాజ్జా. అభ్యంతరం చెబితే నేను చూసుకుంటాను."

దలాల్ మునివేళ్ళ మీద లేచి రెండు అరచేతులతో ముద్దని రాయికి నొక్కిపట్టింది. చాలాసేపు తియ్యలేదు. షాకిర్ వెనకనుంచి "చాల్లే ఇక" అని గొణిగాడు. తీసింది. ముద్ద అక్కడే ఉంది. నా చెవుల్లో కూతలు గింగురుమన్నాయి, అందులో నాదీ ఉంది.

కొన్నాళ్ళకి తెల్ల జీపు మళ్ళీ వచ్చి ఊరంతా ఫోటోలు తీసుకుని వెళ్ళింది. మాకది అలవాటే. ఆ తర్వాత ఒక మేక బండ మీదకెక్కి ఆకునీ ముద్దనీ రెంటినీ నమిలేసింది. దలాల్ పైకి ఏమీ అనలేదు గానీ రెండురోజులు మొహం మాడ్చుకుంది. నానమ్మ ఆ మేకని వారంపాటు తిట్టింది.

మొదటి వానల్లో వకీలమ్మ ఫోన్ చేసింది. ప్రభుత్వం జవాబు దాఖలు చేసిందట. నేను ఫోన్ స్పీకర్లో పెట్టాను. ఆవిడ చదివి అనువాదం చేస్తోంది. నీళ్ళ తొట్టి, గొర్రెల దొడ్డి, ఒకటొకటే. ఉన్నట్టుండి ఆగింది.

"ఏమైంది?" అన్నాను.

"ఒక ఫోటో. గుహ నోటి మీద ఎర్ర గీతతో గుండ్రం చుట్టారు. కింద ఇలా రాశారు. 'ద్వారంపై ఇటీవల అమర్చిన వస్తువు. స్వభావం తెలియరాలేదు.'"

ముందు షాకిర్‌కి అర్థమైంది. తర్వాత అమ్మకి. నాన్న నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు. స్లాబ్ రోజు తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదలు. ఫోన్‌లో వకీలమ్మ కూడా నవ్వుతోంది. ఆవిడ నవ్వు మేమెప్పుడూ వినలేదు, కాస్త పెద్దదే.

నవ్వనిది నానమ్మ ఒక్కతే. నా చేతిలోంచి ఫోన్ లాక్కుని నోటి దగ్గర పెట్టుకుంది.

"అదలా ఉంచు తల్లీ. ఆ ఫోటోలో ముద్ద ఉందా, రాలిపోయిందా?"

"ఉంది హాజ్జా. గట్టిగా అంటుకునే ఉంది. ఆకు కూడా కనపడుతోంది."

"కిందెవరైనా సంతకం పెట్టారా?"

"పెట్టారు. తనిఖీ అధికారి, ప్రభుత్వం వకీలు, ఇద్దరూ."

నానమ్మ దలాల్‌ని రమ్మని సైగ చేసి పక్కన కూర్చోబెట్టుకుంది.

"విన్నావుగా" అంది. "మేక తింటే తిననీ. నువ్వు ఇక్కడే ఉంటావని వాళ్ళే రాసిచ్చారు."